మంచినీటి గొట్టానికి కీమాన్ ఏడీ?

రైలుబాట వేయుట ఒక పని. వేసిన బాటను నిలబెట్టుకొనుట వేరొక పని. ఈ సత్యాన్ని రైల్వే కార్మికునికి ఎవరూ బోధించనక్కరలేదు. సుత్తి, స్పానర్ పట్టుకొని తన బీటు పొడవునా నడిచి, వదులైన కీని బిగించి, పట్టాలో పగులు కనిపిస్తే ఎర్రజెండా చూపే కీమాన్ లేనిదే ఏ బండీ క్షేమంగా గమ్యం చేరదు. ప్రారంభోత్సవం చేసిన మంత్రి పేరు శిలాఫలకం మీద ఉంటుంది. ఆ బాటను దశాబ్దాల తరబడి కాపాడిన కీమాన్ పేరు ఏ ఫలకం మీదా కనిపించదు. అయినా కీమాన్ అవసరాన్ని కాదనగల అధికారి మాత్రం నేటికీ రైల్వేలో లేడు.

మంచినీటి విషయంలో మన ప్రభుత్వాలు ఈ సామాన్య సత్యాన్ని విస్మరించాయి. కొత్త పథకాలకు శంకుస్థాపనలు జరుగుతున్నాయి, గొట్టాలు పాతుతున్నారు, ట్యాంకులు లేపుతున్నారు. పాతిన గొట్టాన్ని రేపటి నుండి ఎవరు చూడాలి, అతని జీతం ఎక్కడినుండి రావాలి అనే ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. ఈ ప్రశ్నను బస్తర్ ముఖ్యపట్టణమైన జగదల్పూర్‌ను ముందుంచుకొని పాఠకులతో చర్చించదలచాము.

జగదల్పూర్ మనకు పరాయి ఊరు కాదు. 1960ల దశకంలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చుటకై నిర్మించిన కొత్తవలస - కిరండూల్ మార్గంలో అది ముఖ్యమైన స్టేషను. వాల్తేరు కేంద్రంగా నడచిన ఆ మార్గంలో తెలుగు కార్మికులు ఎందరో చెమటోడ్చారు. ఆ పట్టణంలోని తపాలా కార్యాలయం నుండి బస్తర్ అడవి గ్రామాలకు ఉత్తరాలు, మనియార్డర్లు మోసిన వారు మన సోదరులే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ పట్టణ జనాభా సుమారు 1,25,000. మహానగరం కాదు, పల్లె కాదు. ఇటువంటి మధ్యతరహా పట్టణాలలోనే మన సభ్యులలో అధికసంఖ్యాకులు కాపురం ఉంటున్నారు. అందుచేత జగదల్పూర్ కథ నంద్యాలకూ, ఖమ్మానికీ, విజయనగరానికీ కూడా వర్తిస్తుంది.

ఆ పట్టణానికి ప్రధాన జలాధారం ఇంద్రావతి నది. ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టి, బస్తర్ మీదుగా పడమటికి ప్రవహించి, చిత్రకోట్ వద్ద జలపాతమై దూకి, చివరకు మన గోదావరిలో కలుస్తుంది. నది పెద్దదే గాని నీటికి పూచీ లేదు. 1975 డిసెంబరులో అప్పటి మధ్యప్రదేశ్, ఒడిశా ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం రాష్ట్ర సరిహద్దు వద్ద ఏటా 45 టి.ఎం.సి.ల నీరు అందాలి. అయితే సరిహద్దుకు సమీపంలో జోరా నాలా అనే పాయ ఇంద్రావతి నీటిని శబరి వైపునకు లాగుకొనిపోతున్నది. ఈ రెండు ప్రవాహాలకు నీరు పంచుటకై కట్టడాలు కట్టారు. అయినా వేసవి వచ్చేసరికి వివాదం మళ్లీ తలయెత్తుతూనే ఉన్నది. 2019 వేసవిలో పౌరులు నదిని రక్షించాలని పాదయాత్ర జరిపారు. 2025 వేసవిలో బస్తర్ రైతులు ఎండిన ఇంద్రావతి కొరకు ఆందోళనకు దిగారు. నదిలో నీరు ఉన్నదా లేదా అనేది మొదటి ప్రశ్న. ఉన్న నీరు ఇంటికి చేరుతున్నదా అనేది రెండవ ప్రశ్న. మొదటిదానికై రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు వాదులాడుకుంటున్నాయి. రెండవదానికై వాదించే నాథుడు లేడు.

పూర్వులు ఈ రెండవ ప్రశ్నను విస్మరించలేదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తర్ చేరి రాజ్యం స్థాపించాడని ప్రతీతి. ఆ వంశానికి చెందిన దళపతి దేవుని పేరున జగదల్పూర్ నడిబొడ్డున దల్‌పత్ సాగర్ అనే పెద్ద చెరువు వెలసింది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఎరిగిన తెలుగువారికి ఈ సంప్రదాయం ఎక్కడిదో చెప్పనక్కరలేదు. ఆనాడు చెరువు త్రవ్వించి ఊరుకోలేదు. చెరువును మరమ్మతు చేసి కాపాడేవారికి దశబంధం పేరున భూమినో, పన్నులో రాయితీనో కేటాయించారు. తూము తెరచి మూసి, నీటిని వంతులవారీగా పంచుటకు నీరటికాడు ఉండేవాడు. నిర్మాణానికి ఖర్చు ఎంత ముఖ్యమో నిర్వహణకు శాశ్వతమైన ఆదాయమూ, శాశ్వతమైన మనిషీ అంత ముఖ్యమని ఆ కాలపు పాలకులు గ్రహించారు. ఆ వ్యవస్థలోని కులవృత్తి బంధనాన్ని, వెట్టిని మేము కీర్తించుట లేదు. అవి పోవలసినవే. కాని వెట్టితోపాటు నిర్వహణ కూడా పోయింది. దల్‌పత్ సాగర్‌ను ఆక్రమణలు, మురుగునీరు, గుర్రపుడెక్క పట్టి పీడించాయి. గుర్రపుడెక్క తొలగించే కార్యక్రమాలు ఎన్నోమార్లు జరిగాయి. ఏడాది పొడవునా చూచే మనిషి లేనిచోట తీసిన గుర్రపుడెక్క మళ్లీ మొలవక మానదు.

నది నుండి కుళాయి దాకా నీరు చేసే ప్రయాణాన్ని ఒకసారి పరికిద్దాం. నది ఒడ్డున ఉన్న బావిలోకి చేరిన నీటిని పంపులు శుద్ధికేంద్రానికి ఎత్తిపోస్తాయి. అక్కడ పటిక కలుపుతారు. నీటిలోని మట్టి ముద్దకట్టి తొట్టి అడుగుకు దిగుతుంది. తేరిన నీరు ఇసుక పొరల గుండా వడకట్టబడుతుంది. ఆ పిమ్మట క్లోరిన్ కలిపి, ఎత్తయిన ట్యాంకులకు ఎక్కించి, అక్కడినుండి వీధి గొట్టాలలోకి వదులుతారు. చెప్పుటకు నాలుగు మాటలే. చేయుటకు మాత్రం అడుగడుగునా మనిషి కావాలి. తొలకరి వానకు నది ఎర్రబడిన రోజున పటిక మోతాదు వేసవి మోతాదు కాదు. ఇసుక పొరలు పూడుకొనిపోతే నీటిని కిందినుండి పైకి పంపి కడగాలి. క్లోరిన్ తక్కువైతే రోగం, ఎక్కువైతే నీరు నోట పెట్టలేరు. భారతీయ ప్రమాణాల ప్రకారం కుళాయి వద్దకు చేరిన నీటిలో కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఈ పరీక్ష శుద్ధికేంద్రంలో చేస్తే సరిపోదు. గొట్టం చిట్టచివర ఉన్న పేదవాడ కుళాయి వద్ద చేయాలి. అక్కడికి నడిచి వెళ్లే మనిషి ఉంటేనే ఆ పరీక్ష జరుగుతుంది.

ఇప్పుడు కొంత లెక్క చూద్దాం. ఇది ఏ నగరపాలక సంస్థ నివేదికలోని లెక్కా కాదు, కేంద్రప్రభుత్వ ప్రమాణాలను బట్టి మేము వేసినది. భూగర్భ మురుగు వ్యవస్థ గల పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని ప్రమాణం. 1,25,000 జనాభాకు 1 కోటి 68 లక్షల 75 వేల లీటర్లు కావాలి. 2008లో కేంద్రం నిర్ణయించిన సేవా ప్రమాణాల ప్రకారం లెక్కకు రాని నీరు నూటికి 20 మించరాదు. ఆ నష్టాన్ని కలుపుకుంటే రోజుకు సుమారు 2 కోట్ల 11 లక్షల లీటర్లు ఎత్తిపోయాలి. అదే నష్టం నూటికి 40 అయితే 2 కోట్ల 81 లక్షల లీటర్లు ఎత్తాలి. ఈ రెంటికీ తేడా రోజుకు 70 లక్షల లీటర్లు. ఆ నీరు మరో 52 వేల మందికి సరిపోతుంది. నదిలో కొత్తగా ఒక్క చుక్క కోరకుండానే, లీకులు వెదకి పూడ్చినంత మాత్రాన సాధించగల నీరు ఇది. పైగా కారిపోయిన ప్రతి లీటరునూ మనం విద్యుత్తు ఖర్చుపెట్టి ఎత్తి, పటిక, క్లోరిన్ కలిపి, శుద్ధిచేసి మరీ మట్టిపాలు చేస్తున్నాము.

నష్టం ధనంతో ఆగితే ఈ సంపాదకీయం వ్రాయవలసిన పని ఉండేది కాదు. మన పట్టణాలలో నీరు రోజుకు గంటో రెండు గంటలో వస్తుంది. నీరు వచ్చునంతసేపు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కనుక లీకు గుండా నీరు బయటికి పోతుంది. నీరు కట్టివేసిన పిమ్మట గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు అదే రంధ్రం గుండా ప్రక్కనున్న మురుగు లోపలికి చేరుతుంది. మరునాటి ఉదయం మొదటి బిందెలో పడేది ఆ నీరే. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లోనూ, 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట ప్రాంతంలోనూ కలుషితమైన నీరు త్రాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. పరిశుభ్రతలో దేశానికే ఆదర్శమని బహుమతులందుకొన్న ఇందోరులో 2025 డిసెంబరు చివర భగీరథపుర వాసులకు అదే గతి పట్టింది. ఈ మూడు ఊళ్లలోనూ శుద్ధికేంద్రం ఉన్నది, గొట్టమూ ఉన్నది. శుద్ధిచేసిన నీటిని ఇంటిదాకా కాపాడవలసిన కాపలాయే లోపించింది.

మరి కాపలా ఎందుకు లేదు? మొదటి కారణం నిధులు కేటాయించే పద్ధతిలోనే ఉన్నది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ మంచినీటి సరఫరాను పట్టణ సంస్థలకు అప్పగించదగిన విధులలో చేర్చింది. విధి వచ్చినంత సులభంగా నిధి రాలేదు. 2015లో ప్రారంభమైన అమృత్ పథకంలో జగదల్పూర్ కూడా చేరింది. ఇటువంటి పథకాల ధనం నిర్మాణం కొరకు వస్తుంది. నిర్వహణ భారం మాత్రం పట్టణ సంస్థ నెత్తిన పడుతుంది. గొట్టం వేయుటకు ఢిల్లీ డబ్బు ఇస్తుంది, గొట్టం చూచుకొను మనిషికి జీతం ఇవ్వదు. ఫలితంగా వాల్వు పాడైతే మార్చరు, పథకమే పాడైతే కొత్త పథకం కోరతారు. నిర్మాణంలో కాంట్రాక్టు ఉన్నది, ప్రారంభోత్సవం ఉన్నది. వాల్వు మార్చుటలో ఈ రెండూ లేవు.

నిర్వహణ వ్యయమంతా నీటి పన్నుల ద్వారా రాబట్టాలని పాలకులు ఉపదేశిస్తున్నారు. 2008 సేవా ప్రమాణాలలో నూటికి నూరు పాళ్లు వ్యయం రాబట్టుట ఒక లక్ష్యం. పెద్ద హోటళ్లు, వ్యాపార సంస్థలు వాడిన నీటికి తగిన ధర చెల్లించుట న్యాయమే. కాని గంటసేపు సన్నని ధారగా వచ్చే నీటికై బిందెలతో వరుసకట్టే కుటుంబం మీద మొత్తం భారం మోపుట అన్యాయం. ప్రాణావసరమైన నీటిని కాపాడు ఖర్చు ప్రజాధనం మీద మొదటి హక్కు కావాలి.

రెండవ కారణం కార్మికునికి సంబంధించినది. మన పట్టణాలలో పంపు నడిపే ఆపరేటర్లు, వాల్వు త్రిప్పే వారు, లీకులు పూడ్చే ఫిట్టర్లలో అనేకులు నేడు కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ కార్మికులే. భూమిలోని గొట్టాల పటం కార్యాలయంలో సరిగా దొరకదు. ఏ మలుపులో ఏ వాల్వు ఉన్నది, ఏ వీధి గొట్టం ఏ కాలువ క్రింద పోతున్నది, ఏ గొట్టం ఏటా ఎక్కడ పగులుతున్నది అనేది ఇరవై ఏళ్లు పనిచేసిన వాల్వు మనిషి జ్ఞాపకంలో ఉన్నది. కొత్త వీధికి కొత్త పోస్టుమాన్ వస్తే ఉత్తరాలు ఎట్లా దారి తప్పుతాయో మన తపాలా సోదరులకు తెలుసు. బీటు తెలిసిన మనిషి విలువ వారికి వేరుగా చెప్పనక్కరలేదు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా మనిషిని మార్చే పద్ధతిలో ఆ జ్ఞానం కూడా మట్టిలో కలిసిపోతున్నది.

పని ఏడాదికి 365 రోజులూ ఉన్నది, ఉద్యోగం మాత్రం తాత్కాలికం! ఇదెక్కడి న్యాయం? నగరపాలక సంస్థలో ఏళ్ల తరబడి పనిచేసిన తోటమాలుల విషయంలో 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, శాశ్వత స్వభావం గల పనికి తాత్కాలికపు ముసుగు తొడిగే పద్ధతిని తప్పుపట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో మునిసిపల్ కార్మికులు 2023 డిసెంబరు చివరి నుండి 2024 జనవరి వరకు సమ్మె చేసి వేతనాలు, ఉద్యోగ భద్రత కోరారు. ఆ సమ్మెను పౌరులకు ఇబ్బంది అని చిత్రించినవారు, ఆ కార్మికుల అభద్రతే పౌరుల ఆరోగ్యానికి ముప్పు అనే సంగతిని దాచిపెట్టారు. 2025 నవంబరు 21 నుండి నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి తెచ్చి, 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టాన్ని తొలగించిన నేపథ్యంలో ఈ పోరాటం మరింత కఠినమైంది.

"మన పాత పెన్షన్ తేలలేదు, 8వ వేతన సంఘం వ్యవహారం ఉన్నది, ఖాళీల భర్తీ లేదు. మునిసిపల్ గొట్టాల గొడవ మనకెందుకు?" అని కొందరు సభ్యులు అడుగవచ్చు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయుట లేదు. కాని వేతనం దేనికొరకు? కుటుంబం ఆరోగ్యంగా బ్రతుకుట కొరకే కదా! పెరిగిన కరువుభత్యంలో కొంత మంచినీటి క్యాన్లకు, కొంత ఇంటిలోని శుద్ధి యంత్రానికి, ఇంకొంత బిడ్డకు విరేచనాలైతే ఆస్పత్రికి పోతున్నది. క్యాను కొనగల ఉద్యోగి ఊరక ఉంటే, కొనలేని పొరుగువాడు ఒంటరి అవుతాడు. సంఘటితులైన ఉద్యోగులు కుళాయిని వదలిపెట్టిన ఊరిలో కుళాయి కొరకు అడిగే గొంతు బలహీనమవుతుంది. ఆ తరువాత దాన్ని బాగుచేయు తొందర ఏ అధికారికీ ఉండదు.

పైగా ఇది మన సొంత ఇంటి సమస్య కూడా. రైల్వే కాలనీల నీటి సరఫరా రైల్వే ఇంజనీరింగ్ విభాగపు బాధ్యత. ఆవిరి ఇంజన్ల కాలంలో నీరు లేనిదే బండి కదిలేది కాదు కనుక ప్రతి ముఖ్య స్టేషనులోనూ పంపులకు, ట్యాంకులకు నమ్మకమైన మనుషులు ఉండేవారు. ఇంజను దాహం తీరిపోయిన తరువాత మనిషి దాహానికి ఆ శ్రద్ధ మిగలలేదు. అనేకచోట్ల ఆ పోస్టులు రద్దయ్యాయి, పని కాంట్రాక్టరు చేతికి పోయింది. తపాలా శాఖలో అద్దె భవనాలలో నడిచే కార్యాలయాలకు, గ్రామీణ డాక్ సేవకుల శాఖా కార్యాలయాలకు మంచినీటి వసతి అనేది ఎవరి పద్దులోనూ స్పష్టంగా లేదు. ఖనిజం మోసే మార్గాన్ని రోజూ నడిచి చూచేందుకు మనిషిని ఉంచగల ప్రభుత్వం, ఆ మార్గంలో పనిచేసేవాని ఇంటికి నీరు మోసే గొట్టాన్ని చూచేందుకు మనిషిని ఉంచలేదా?

కావున ఈ క్రింది కోర్కెలను మన శాఖలన్నీ చేపట్టాలని కోరుతున్నాము.

1. మంచినీటి పథకాలకు నిధులు మంజూరు చేసేటప్పుడు నిర్వహణకు, సిబ్బంది జీతాలకు కూడా ప్రత్యేక కేటాయింపు ఉండాలి.

2. పంపు, శుద్ధికేంద్రం, వాల్వు, లీకు మరమ్మతు పనులు శాశ్వత స్వభావం గలవి. వాటిలో పనిచేస్తున్నవారిని క్రమబద్ధం చేయాలి. ప్రతి ప్రాంతానికి బీటు నిర్ణయించి, బాధ్యుడైన మనిషిని నియమించాలి.

3. గొట్టం చివరి కుళాయిల వద్ద క్లోరిన్ పరీక్ష జరిపి, ఫలితాన్ని ప్రతివారం వార్డులో బహిరంగంగా అంటించాలి.

4. మురుగు కాలువలలో నుండి పోతున్న కుళాయి గొట్టాలను గుర్తించి, వర్షాకాలానికి ముందే తప్పించాలి.

5. రైల్వే కాలనీలలో రద్దయిన నీటి సరఫరా పోస్టులను పునరుద్ధరించాలి. తపాలా కార్యాలయాలన్నింటికీ మంచినీటి వసతి శాఖ బాధ్యతగా నిర్ణయించాలి.

కోర్కెలు వ్రాసి ఊరుకొనుట మన సంప్రదాయం కాదు. రైల్వే శాఖలు రాబోయే పి.ఎన్.ఎం. సమావేశానికి తమ కాలనీ నీటి స్థితిని అంశంగా పంపాలి. తపాలా శాఖలు ఏ కార్యాలయంలో నీరు ఉన్నదో, ఏ కార్యాలయంలో లేదో జాబితా తయారుచేసి అధికారులకు అందజేయాలి. ప్రతి ఊరిలో ఇద్దరు సభ్యులు మునిసిపల్ నీటి విభాగపు కార్మికుల సంఘాన్ని కలిసి, వారి సమస్యలు తెలుసుకొని, వారి ధర్నా జరిగిన రోజున మన జెండాతో అక్కడ నిలబడాలి. మనకు నీరు వదిలే మనిషి పేరేమిటో, అతనికి జీతం ఎన్ని నెలలుగా అందలేదో మనలో ఎంతమందికి తెలుసు? ఆ విషయం తెలుసుకొనుటతోనే మన పని ప్రారంభం కావాలి. వేసవి దగ్గరపడక ముందే ప్రతి శాఖా తన నివేదికను కేంద్ర కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాము.